పన్ను క్యాప్‌కి చెప్పిన ధర సరైనదో కాదో ఎలా తేల్చుకోవాలి?

రూట్ కెనాల్ చివరి సిట్టింగ్ అయిపోయింది. సగం మొహం తిమ్మిరిగా ఉంది, పెదవి మన మాట వినడం లేదు. సరిగ్గా అప్పుడే రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ఒక ప్లాస్టిక్ అట్ట ముందు పెడుతుంది. నాలుగు వేలు, తొమ్మిది వేలు, పదహారు వేలు. "ఏ క్యాప్ వేయమంటారండీ?" నోట్లో దూది పెట్టుకుని బేరమాడినవాళ్లని నేనింతవరకు చూడలేదు. చాలామంది మధ్య రేటు మీద వేలు పెట్టి, అడ్వాన్సు కట్టి ఇంటికొచ్చేస్తారు.

మా అమ్మ దవడ పన్నుకి క్యాప్ వేయించాల్సి వచ్చినప్పుడు గుంటూరులో ఒకే రోడ్డు మీదున్న రెండు క్లినిక్‌లలో అడిగాం. ఒకరు 5,500 అన్నారు, ఇంకొకరు 14,000. వేసేది "సిరామిక్ క్యాప్" అనే ఇద్దరూ చెప్పారు. రెండో ఆయన దోచుకుంటున్నాడని అమ్మ అక్కడే తీర్పు చెప్పేసింది. తీరా విచారిస్తే మొదటివారు చెప్పింది లోపల లోహం, పైన పింగాణీ ఉన్న క్యాప్. రెండోవారిది జిర్కోనియా, అంటే లోహం లేని గట్టి తెల్లటి పదార్థం. రెండూ చీరలేగా అని నూలుచీర ధరని పట్టుచీర ధరతో పోల్చినట్టయింది మా పని. ధర ఎక్కువా తక్కువా అన్న లెక్క తర్వాత సంగతి. ముందు ఏ వస్తువుకి, ఎంత పనికి ఆ ధర చెప్పారో తెలియాలి. కింద చెప్పేదంతా అది తెలుసుకునే దారి.

1. అసలు క్యాప్ అవసరమేనా?

రూట్ కెనాల్ చేసిన దవడ పన్నుకైతే దాదాపు ఎప్పుడూ అవసరమే. లోపల పుచ్చంతా తొలిచేశాక మిగిలేది పలచటి గోడలు. నమిలే ఒత్తిడికి అవి చీలిపోవచ్చు. చీలిక వేరు దాకా దిగితే పన్ను పీకేయడం తప్ప దారి ఉండదు. ముందు పళ్ల సంగతి వేరు. వెనకవైపు చిన్న రంధ్రం పెట్టి రూట్ కెనాల్ చేసి, మిగతా పన్ను గట్టిగా ఉంటే మంచి ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. "ఫిల్లింగ్‌తో ఆపేస్తే ఏమవుతుందండీ?" అని ఒక్క మాట అడగండి. కారణం చెప్పగలిగిన డాక్టరు నిమిషంలో చెప్పేస్తారు.

పిల్లల పాలపళ్లకి రెడీమేడ్ స్టీల్ క్యాప్ ఉంటుంది. దానికి ల్యాబ్ పని ఉండదు కాబట్టి ఖర్చు తక్కువ. రెండు మూడేళ్లలో ఊడిపోయే పన్నుకి తెల్లటి ఖరీదైన క్యాప్ వేయాలంటే అది అందం కోసమే అని తెలిసి ఒప్పుకోండి.

రూట్ కెనాల్ తర్వాత తీసిన ఎక్స్‌రే కూడా చూపించమనండి. వేరు లోపల నింపిన మందు తెల్లటి గీతలా కనిపిస్తుంది. అది వేరు చివరికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దగ్గరదాకా వెళ్లి ఉండాలి. సగంలోనే ఆగిపోయి ఉంటే ఎందుకని అడగండి. లోపల పని సరిగా లేకుండా పైన పదిహేను వేల క్యాప్ పెడితే, ఏడాది తర్వాత నొప్పొచ్చినప్పుడు ఆ క్యాప్‌కే కన్నం పెట్టాలి, లేదా కోసి తీసేయాలి.

ఒక్క పన్ను నొప్పని వెళ్తే నాలుగు పళ్లకి క్యాపులు వేయాలన్నారా? ఆ ఎక్స్‌రేలు మీ ఫోన్‌లోకి తీసుకుని ఇంకో డాక్టరుకి చూపించేదాకా ఒక్క రూపాయి కట్టొద్దు. నాలుగూ నిజంగానే అవసరం కావచ్చు, కాదనను. కానీ ఒకసారి అరగదీసిన పన్ను మళ్లీ పెరగదు.

2. ఆ రోజే తేల్చేయకండి

వారం ఆగితే కొంప మునగదు. ఆ పన్నుతో గట్టివి కొరక్కుండా రెండో వైపు నమలండి. అలాగని "నొప్పి లేదుగా" అని ఆరు నెలలు వదిలేస్తే మాత్రం, జంతికో చెరుకుముక్కో కొరికిన రోజున పన్ను రెండు ముక్కలవుతుంది.

3. క్యాప్ అసలు పేరు అడగండి

"సిరామిక్", "ఇంపోర్టెడ్", "ప్రీమియం": ఈ మూడు మాటలకీ కచ్చితమైన అర్థం లేదు. వీటి పక్కన రాసిన ధరని దేనితోనూ పోల్చలేం. మీకు కావలసింది పదార్థం పేరు, ఉంటే కంపెనీ పేరు. కింద చెప్పే రేట్లు మన ఊళ్లలో మామూలు ప్రైవేటు క్లినిక్‌లలో ఒక్క పన్నుకి వినపడే సుమారు అంకెలు. ఊరిని బట్టి, ఏరియాని బట్టి అటూ ఇటూ అవుతాయి.

అన్నిటికన్నా చవక పూర్తి మెటల్ క్యాప్. రెండు మూడు వేల దగ్గర మొదలవుతుంది. వెండిలా మెరుస్తుంది కాబట్టి ఎవరూ ఇష్టపడరు కానీ, నవ్వితే కనపడని చివరి దవడ పన్నుకి ఇది చాలా మంచి సరుకు. పలచగా ఉన్నా బలంగా ఉంటుంది, పన్నుని తక్కువ అరగదీస్తే చాలు. ఈ లోహంలో నికెల్ కలిసి ఉండవచ్చు కాబట్టి, నికెల్ పడనివాళ్లు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి. చవక చెవిదుద్దులు పెట్టుకుంటే చెవి దురదపెట్టేవాళ్లు ఈ జాబితాలోకే రావచ్చు. వెనకటి తాతలు బంగారు పన్ను కట్టించుకునేవారు. డాబు కోసమే అనుకునేవాణ్ని. నిజానికి బంగారు మిశ్రమం ఎదుటి పన్నుని అరగదీయదు, ఏళ్ల తరబడి ఉంటుంది. ఇప్పటి బంగారం ధరకి ఆ మాట ఎత్తే డాక్టరే లేడు.

తర్వాతది లోపల లోహం, పైన పింగాణీ పూత ఉన్నది. డాక్టర్లు పీఎఫ్ఎం అంటారు. మన ఊళ్లలో "సిరామిక్ క్యాప్" అంటే ఎక్కువసార్లు ఇదే. మూడున్నర వేల నుంచి ఏడు వేల దాకా చెప్తారు. లోపలి లోహాన్ని పోత పోస్తే తక్కువ, లేజర్‌తో పొడిని కరిగించి తయారుచేస్తే కాస్త ఎక్కువ. ఆ రెండోదాన్ని డీఎంఎల్ఎస్ అంటారు. పన్ను మీద కూర్చోవడం దీనికి తేలికవుతుంది కాబట్టి, వెయ్యీ పదిహేను వందలు ఎక్కువైనా అన్యాయం కాదు. పీఎఫ్ఎంకి లోపాలు రెండు: పైన పింగాణీ పెచ్చు ఊడవచ్చు, కొన్నేళ్లకి చిగురు కిందికి జరిగితే అంచున నల్లటి గీత కనపడవచ్చు. వెనక పన్నుకి ఆ గీత ఎవరికీ కనపడదు.

ఇక జిర్కోనియా. అసలు గందరగోళమంతా ఇక్కడే. ఎనిమిది వేలకీ దొరుకుతుంది, పద్దెనిమిది వేలకీ దొరుకుతుంది, పెద్ద కార్పొరేట్ చోట్ల ఇరవై వేలూ దాటుతుంది. ఒకే పేరుకి ఇంత తేడా ఎందుకు? జిర్కోనియా క్యాప్‌ని ఒక తెల్లటి గుండ్రటి దిమ్మెలోంచి కంప్యూటర్ మిషన్‌తో చెక్కుతారు. చెక్కేటప్పుడు అసలు కొలత కన్నా ఐదో వంతుకి పైగా పెద్దదిగా చెక్కి, సుమారు 1,500 డిగ్రీల దగ్గర కొలిమిలో కాలుస్తారు. కాలాక సరైన కొలతకి కుదించుకుపోతుంది. ఆ దిమ్మె ఏ కంపెనీది, ఒకే రంగుదా, పైనుంచి కిందికి రంగు మారే మల్టీలేయర్‌దా అన్నదాన్ని బట్టి ధర మారుతుంది. లావా, సెర్కాన్ లాంటి బ్రాండు పేర్లు వినే ఉంటారు. ఇంకో విషయం: ఎంత పారదర్శకంగా, సహజంగా కనిపించే రకమైతే బలం అంత తగ్గుతుంది. పళ్లు కొరికే అలవాటున్న మనిషి దవడ పన్నుకి అన్నిటికన్నా అందమైన, అన్నిటికన్నా ఖరీదైన జిర్కోనియా వేయించడం డబ్బు పోసి బలం తగ్గించుకోవడమే.

ఈ-మాక్స్ అనేది గాజులాంటి సిరామిక్. ముందు పళ్లకి అందంగా ఉంటుంది. ధర మధ్యరకం జిర్కోనియాకి అటూ ఇటూగా ఉంటుంది. దవడ పన్నుకి దీన్నే ఎందుకు సూచిస్తున్నారో అడిగి తెలుసుకోండి.

4. "మొత్తం ఎంత?" అని అడగండి

మోసపోయామని బాధపడేవాళ్లలో ఎక్కువమంది క్యాప్ ధర దగ్గర మోసపోరు. పక్కన చేరే చిల్లర దగ్గర మోసపోతారు. ఒక ఉదాహరణ. మొదటి క్లినిక్‌లో క్యాప్ 6,000. పన్ను సగం విరిగి ఉంది కాబట్టి లోపల ఫైబర్ పోస్ట్ అనే సన్నటి కడ్డీ పెట్టి, క్యాప్ కూర్చోవడానికి మొద్దు కట్టాలి, 2,000. ఎక్స్‌రేలు 400. తాత్కాలిక క్యాప్ 500. మొత్తం 8,900. రెండో క్లినిక్‌లో అదే రకం క్యాప్ 8,500, పైవన్నీ కలిపి. ఆరు వేలే చవక అని మొదటి చోటికి పరిగెత్తినవాడు నాలుగు వందలు ఎక్కువ కడతాడు.

కాబట్టి కాగితం మీద ఇలా రాసి ఇమ్మనండి: పన్ను నంబరు, క్యాప్ పదార్థం, కంపెనీ లేదా ల్యాబ్ పేరు, లోపల మొద్దు కట్టడానికి ఎంత, తాత్కాలిక క్యాప్ ఉందా, ఎక్స్‌రేలు కలిపారా, ఎన్నేళ్ల వారంటీ, మొత్తం ఎంత. మొహమాటపడకండి. పెళ్లికి క్యాటరింగ్ మాట్లాడేటప్పుడు వడ ఎన్ని గ్రాములో అడిగే మనం దీనికి సిగ్గుపడతాం. పాత క్యాప్ తీసి కొత్తది వేయించుకుంటున్నవాళ్లు, పాతది కోసి తీయడానికి వేరే చార్జీ ఉందేమో కూడా అడగాలి. జిర్కోనియా అయితే కోయడం కష్టం, టైమూ పడుతుంది.

బ్రిడ్జి వేయిస్తుంటే ఇంకో మెలిక ఉంది. పోయింది ఒక్క పన్నే కదా, ఒక్క క్యాప్ ధరే అనుకుంటాం. అటూ ఇటూ ఉన్న పళ్లని కూడా అరగదీసి మూడూ కలిపి కడతారు కాబట్టి అది మూడు యూనిట్లు. బోర్డు మీద 5,000 అని ఉంటే మీ బిల్లు 15,000.

జీఎస్టీ అని పద్దెనిమిది శాతం కలిపితే ఆగండి. పాడైన పన్నుని బాగుచేసే వైద్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది, రూట్ కెనాల్ తర్వాత వేసే క్యాప్ అందులోకే వస్తుంది. జీఎస్టీ వర్తించేది కేవలం అందం కోసం చేయించుకునే పనులకి. తెలంగాణలో అమలవుతున్న 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం నియమాల ప్రకారం రేట్లని ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ కనపడేలా పెట్టాలి. బోర్డు లేకపోతే గొడవ పడమని కాదు, రేట్లు అడగడం మీ హక్కని గుర్తుంచుకోమని.

5. డాక్టరు పనితనానికి ఎంత ఇస్తున్నారో చూడండి

క్యాప్ ఎక్కడో ల్యాబ్‌లో తయారవుతుంది. రోడ్డుకి అటువైపు, ఇటువైపు ఉన్న క్లినిక్‌లు రెండూ ఒకే ల్యాబ్‌కి పంపుతూ ఉండవచ్చు. మరి ధరలో తేడా దేనికి? అద్దె, ఏసీ, ప్రకటనలు కొంత. మిగతాది డాక్టరు చేతి పని, ఆయన మీ పన్ను మీద పెట్టే టైము. ఈ రెండో దానికి ఎక్కువ ఇచ్చినా నష్టం లేదు. ఎంత ఖరీదైన జిర్కోనియా అయినా అంచు సరిగా కూర్చోకపోతే ఆ సందులోంచి పుచ్చు మళ్లీ మొదలవుతుంది.

మనం డాక్టర్లం కాదు, అయినా కొన్ని కంటికి కనపడతాయి. కొలత ఎలా తీశారు? ముద్దలాంటి రంగుల పదార్థంతో తీసే అచ్చులో చవకది ఆల్జినేట్, మంచిది సిలికాన్. క్యాప్ కోసం సిలికాన్ అచ్చు గానీ, కెమెరా లాంటి స్కానర్‌తో గానీ తీస్తే జాగ్రత్త పడుతున్నట్టే. పన్ను అరగదీశాక తాత్కాలిక క్యాప్ పెట్టారా, ఊరికే పంపించేశారా? రంగు సరిచూడటానికి పళ్ల నమూనాల అట్ట పట్టుకుని వెలుతురులో చూశారా? క్యాప్ వచ్చాక సిమెంట్‌తో అంటించేముందు ఉత్తినే పెట్టి చూపించారా? నీలం కాగితం కొరికించి ఎక్కడ ఎత్తుగా ఉందో సరిచేశారా? పక్క పన్నుకీ క్యాప్‌కీ మధ్య దారం లాగి చూశారా? ఇవన్నీ చేసే చోట వెయ్యి రెండు వేలు ఎక్కువైనా నేను పోతాను. సాయంత్రం ఏడింటికి లోపలికి పిలిచి ఏడుంపావుకి బయటికి పంపే చోట సగం ధరకి ఇస్తానన్నా వద్దు.

క్యాపులు, బ్రిడ్జిల మీద ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) చేసినవాళ్లని ప్రోస్థోడాంటిస్ట్ అంటారు. ఒక్క మామూలు క్యాప్‌కి వాళ్లే కావాలని లేదు, అనుభవమున్న బీడీఎస్ (పళ్ల వైద్యంలో డిగ్రీ) డాక్టరు చక్కగా వేస్తారు. నోరంతా కట్టించుకునేవాళ్లు, కొరుకు మొత్తం అరిగిపోయినవాళ్లు మాత్రం ప్రోస్థోడాంటిస్ట్‌కి ఇచ్చే అదనపు ఫీజు దండగ కాదు.

6. వారంటీ కార్డు చదవండి

ఐదేళ్లు, పదేళ్లు, పదిహేనేళ్లు అని కార్డులిస్తారు. ధర పెరిగేకొద్దీ ఏళ్లు పెరుగుతాయి. ఆ వారంటీ మామూలుగా క్యాప్ పగిలితేనే. కింద పన్ను పుచ్చిపోతే, చిగురు జబ్బొస్తే, రూట్ కెనాల్ చెడిపోతే వర్తించదు. అది కూడా ల్యాబ్ కొత్త క్యాప్ ఉచితంగా ఇస్తుంది, డాక్టరు చార్జీ మళ్లీ వేరే ఉండవచ్చు. ఆ ముక్క ముందే అడిగి రాయించుకోండి. జాగ్రత్తగా వాడితే మామూలు క్యాప్ కూడా పదేళ్లు, అంతకన్నా ఎక్కువే వస్తుంది. కాబట్టి పదిహేనేళ్ల కార్డు కోసమని ఏడెనిమిది వేలు ఎక్కువ పెట్టడం నాకైతే నచ్చదు.

కార్డు వల్ల ఇంకో అసలైన ఉపయోగం ఉంది. చాలా కంపెనీల కార్డు మీద నంబరు ఉంటుంది, దాన్ని వాళ్ల సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. బ్రాండు పేరు చెప్పి బ్రాండు ధర తీసుకున్నప్పుడు, కార్డు క్యాప్ వేసిన రోజే మీ చేతికి రావాలి. "తర్వాత పంపిస్తాం" అంటే వచ్చేదాకా మిగతా డబ్బు ఆపండి.

7. ఇప్పుడు పోల్చండి

కాగితం చేతిలో ఉంది కాబట్టి ఇక ఫోన్ చేస్తే చాలు. "రూట్ కెనాల్ అయిన కింది దవడ పన్నుకి, డీఎంఎల్ఎస్ క్యాప్, మొద్దుతో కలిపి మొత్తం ఎంతండీ?" అని మూడు చోట్ల అడగండి. ఇంత వివరంగా అడిగితే జవాబు కూడా వివరంగానే వస్తుంది. మూడు అంకెల్లో రెండు దగ్గరదగ్గరగా ఉంటే మీ ఊరి రేటు అదే. మూడోది దానికి ఒకటిన్నర రెట్లు ఉంటే కారణం అడగండి, సగమే ఉంటే ఇంకా గట్టిగా అడగండి. మరీ చవగ్గా ఇచ్చేవాళ్లు అచ్చు దగ్గరో, సిమెంట్ దగ్గరో, ల్యాబ్ దగ్గరో మిగుల్చుకోవాలి.

ఖర్చు నిజంగా భారమైతే డెంటల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి. ప్రభుత్వానివి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ఉన్నాయి. భీమవరం, ఖమ్మం, గుంటూరు, నెల్లూరు లాంటి చోట్ల ప్రైవేటు కాలేజీలున్నాయి. విద్యార్థులు చేస్తారు, పైన ప్రొఫెసర్లు చూస్తారు. నాలుగైదుసార్లు తిరగాలి, క్యూలో కూర్చోవాలి, కానీ ప్రతి అడుగూ పద్ధతి ప్రకారం జరుగుతుంది. రిటైరైనవాళ్లకి, టైమున్నవాళ్లకి మంచి దారి.

ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి. ప్రమాదంలో పళ్లు విరిగి ఆసుపత్రిలో చేరితే తప్ప మామూలు పాలసీల్లో చాలావరకు పళ్ల వైద్యాన్ని కలపరు. ఓపీడీ కవర్ (ఆసుపత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యానికి బీమా) ఉన్నవాళ్లు, ఉద్యోగుల స్కీముల్లో ఉన్నవాళ్లు పని మొదలుపెట్టకముందే అడగాలి.

అమెరికాలో ఒక్క క్యాప్‌కి వెయ్యి డాలర్లు దాటుతుంది కాబట్టి, సెలవుల్లో ఇండియా వచ్చినప్పుడు వేయించుకునే మనవాళ్లు చాలామంది. వాళ్లకి పద్దెనిమిది వేలు కూడా చవగ్గానే తోస్తుంది, అందుకే వాళ్లకి చెప్పే రేటూ కాస్త పెరుగుతుంది. మీరు కూడా డాలర్లలో లెక్కేయకుండా పై ఫోన్ పద్ధతే పాటించండి. ఇంకో మాట, విమానం ముందురోజు క్యాప్ అంటించుకోకండి. కొరుకు సరిచేయించుకోవడానికి చేతిలో కనీసం వారం మిగలాలి.

8. బేరం, చెల్లింపు

క్యాప్ ధర మీద గీచి గీచి బేరమాడితే తగ్గేది సరుకే. దానికి బదులు "ఎక్స్‌రేలు కలిపేయండి", "రెండు క్యాపులు వేయిస్తున్నాం, మొద్దు చార్జీ తీసేయండి" అని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు. "ఈ రోజే కడితే ముప్పై శాతం తగ్గింపు" అన్నచోట, అసలు ధర ఎంతో ఫోన్‌లో ఇంకొకరి చేత అడిగించండి.

కొలత ఇచ్చిన రోజు సగం, క్యాప్ పెట్టి కొరికి చూసుకున్నాక మిగతా సగం. పదార్థం పేరు రాసిన బిల్లు తీసుకోండి. "డెంటల్ ట్రీట్‌మెంట్ 12,000" అని ఒక్క ముక్క రాసిన బిల్లు రేపు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాల్సి వచ్చినా పెద్దగా పనికిరాదు.

మా అమ్మకి చివరికి డీఎంఎల్ఎస్ క్యాపే వేయించాం, మూడో చోట, అన్నీ కలిపి ఏడు వేల ఎనిమిది వందలు. రెండేళ్ల తర్వాత ఒకరోజు ఉప్మా తింటుంటే ఊడి చేతికొచ్చింది. అలా ఎప్పుడైనా ఊడితే ఫెవిక్విక్‌తో అంటించే ప్రయత్నం చేయకండి, పారేయకండి కూడా. కడిగి చిన్న డబ్బాలో వేసి అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కింద పన్ను బాగుంటే అదే క్యాప్‌ని మళ్లీ సిమెంట్‌తో అంటిస్తారు. మా దగ్గర మూడు వందలు తీసుకున్నారు. కొత్తది వేయాల్సిందేనన్నారా, ముందు ఎక్స్‌రే చూపించమనండి.